తలుపు తట్టడమా, వీధిలో బల్ల వేయడమా: మత ప్రచారానికి ఏది తగును?

ఖర్చు: ఇంటింటికీ తిరగడానికి కరపత్రాలు చాలు. వీధిలో బల్ల, మనుషులు, చాలాచోట్ల ముందస్తు అనుమతి కావాలి.

శ్రమ: తిరగడంలోనే ఎక్కువ.

ముప్పు: అసలు చిక్కు ఇక్కడే. గుమ్మం దగ్గర వినేవారికి తప్పుకునే దారి ఉండదు. కాబట్టి ‘రావద్దు’ అని రాసి ఉంటే తట్టకూడదు. వద్దన్న వెంటనే వెనుదిరగాలి, ఆ ఇంటిని జాబితాలోంచి తీసేయాలి. పెద్దలు లేనప్పుడు పిల్లలతో మాట్లాడనే కూడదు. వీధిలోనైతే ఇష్టం లేనివారు నడిచి వెళ్లిపోతారు. మైకు పెడితే మాత్రం ఆ స్వేచ్ఛ కూడా పోతుంది.

హద్దు: ఇంటికెళ్లి బోధించిన వ్యక్తికి గ్రీస్ వేసిన శిక్షను 1993లో కొక్కినాకిస్ కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తప్పుబట్టింది. 1998 నాటి లారిసిస్ కేసులో, కింది సైనికులకు బోధించిన అధికారుల శిక్షను మాత్రం సమర్థించింది. కాదనలేని వారిపై అధికారం చూపితే అది ప్రచారం కాదు, ఒత్తిడి. తిండి, వైద్యం, ఉద్యోగం ఎరగా వేయడమూ అంతే. ఇతర మతాన్ని కించపరచడం రెండు చోట్లా తగదు.

కొత్తవారికి చెప్పాలంటే మైకు లేని బల్లే మేలు. స్వయంగా పిలిచినవారి ఇంటికే వెళ్లాలి. ఈమధ్యే మత ఘర్షణ జరిగిన చోట కొంతకాలం రెండూ ఆపాలి.