రెండేళ్లుగా చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండ్: గుండె వేగం 52 చూపిస్తే కంగారు పడాలా?

మూడు వేల లోపు దొరికే మామూలు బ్యాండ్ ఇది. రెండేళ్లు దాటింది, ఇంకా పనిచేస్తోంది. అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర గురించి ఏదో చెబుతుంది, రక్తంలో ఆక్సిజన్ అంటూ ఒక అంకె చూపిస్తుంది. వాటి గురించి రాసేంత ఏమీ లేదు. నేను రోజూ చూసేది రెస్టింగ్ హార్ట్ రేట్ ఒక్కటే. అంటే ఏ పనీ లేకుండా తీరిగ్గా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క. కొన్న కొత్తలో టెన్షన్ పెట్టింది అదే, పెట్టిన డబ్బులు దండగ కాలేదనిపించిందీ దానివల్లే.

నాకు నలభై ఆరేళ్లు. ఉండేది హన్మకొండలో. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద వేగంగా నడవడం ఎప్పటినుంచో అలవాటు. బ్యాండ్ నా గుండె వేగం 52, 54 అని చూపిస్తుంటుంది. పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలని, అరవైకి తగ్గితే బ్రాడీకార్డియా, అంటే గుండె నెమ్మదించడం అని ఎక్కడ చూసినా ఉంటుంది. అది చదివి నిద్ర చెడగొట్టుకునేవాళ్లు మా వాకింగ్ బ్యాచ్‌లోనే ఉన్నారు. రోజూ ఒళ్లు వంచేవాళ్ల గుండె ఒక్కోసారికి ఎక్కువ రక్తం పంపుతుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. పరుగు పందేలవాళ్లకు నలభైల్లో ఉన్నా వింతేం లేదు. నిద్రలో అయితే ఎవరికైనా తగ్గుతుంది. 2018లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలైతే హద్దును 50 దగ్గర పెట్టాయి. అక్కడ కూడా చికిత్స విషయంలో ప్రధానంగా చూసేది కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆయాసం లాంటివి ఉన్నాయా, అవి గుండె నెమ్మదించినప్పుడే వస్తున్నాయా అన్నది. నాకు అవేవీ లేవు. అయినా ఒకసారి ఈసీజీ తీయించి, థైరాయిడ్ పరీక్ష చేయించాను. థైరాయిడ్ తక్కువగా ఉన్నా గుండె నెమ్మదిస్తుంది మరి. రెండూ బాగానే వచ్చాయి.

ఇక బ్యాండ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు? దీని అడుగున ఆకుపచ్చ లైటు వెలుగుతుంటుంది. రక్తం ఆ పచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది కదా, తిరిగొచ్చే వెలుగులో ఆ తేడాను పట్టుకుని లెక్క కడుతుంది. కాబట్టి పట్టీ వదులైతే లెక్క తప్పినట్టే. నాకున్న ఇబ్బంది గాజులు. అవి బ్యాండ్‌ను మణికట్టు ఎముక మీదికి నెట్టేస్తాయి, అంకెలు ఎగుడుదిగుడవుతాయి. ఇప్పుడు గాజులు కుడి చేతికే, ఎడమ చెయ్యి బ్యాండ్‌కే. మా అత్తమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. బతుకమ్మ ఆడేటప్పుడు దీన్ని చూడటం కూడా దండగ, చప్పట్ల ఊపునే గుండె చప్పుడనుకుంటుందో ఏమో, నోటికొచ్చిన అంకె చెబుతుంది. నడిచేటప్పుడూ కొన్నిసార్లు అడుగుల వేగాన్నే గుండె వేగంగా చూపిస్తుంది.

కూర్చుని ఉన్నప్పుడు మాత్రం బాగానే పనిచేస్తుంది. అనుమానమొస్తే బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ నిమిషం పాటు నాడి లెక్కపెడతాను. దాదాపు కలుస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరికి మధ్యలో గుండె తొందరపడి ఒకసారి ముందే కొట్టుకుంటుంది. అది బలహీనంగా ఉండి మణికట్టు దాకా అందదు. అప్పుడు బ్యాండే కాదు, వేళ్లు కూడా తక్కువే చెబుతాయి. అసలు సంగతి ఈసీజీలోనే తెలుస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తేడా అయితే గుండె లయను ఆగకుండా రికార్డు చేసే హోల్టర్ అనే చిన్న మిషన్‌ను ఒకటి రెండు రోజులు ఒంటికి పెట్టి పంపిస్తారు.

ఈ బ్యాండ్ నిజంగా పనికొచ్చింది మా బాపుకు. పరకాలలో ఉంటాడు, డెబ్బై దాటినయ్. దసరాకు వచ్చినప్పుడు ఊరికే చేతికి పెట్టి చూస్తే 44. నడకా లేదు, పరుగూ లేదు, పొద్దంతా కుర్చీలోనే. వేళ్లతో లెక్కపెట్టినా అంతే. "బాపూ, తల గిట్ల తిరుగుతుందా?" అంటే "నాకేం గాలే బిడ్డా, లేస్తే జర కండ్లు తిరుగుతున్నయ్, గంతే" అన్నాడు. ఆ "గంతే" దగ్గరే నాకు గుబులు పుట్టింది. నాకు 52 ఉండి ఏమీ కాకపోవడం వేరు, ఈయనకు 44 ఉండి కళ్లు తిరగడం వేరు.

డాక్టర్ ఈసీజీ తీయించి, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నారు, కంటి చుక్కలతో సహా. కంటి చుక్కలకూ గుండెకూ ఏం సంబంధమని బాపు నవ్వాడు. బీపీకి వాడే గోళీ మెటోప్రొలాల్, గుండె వేగం తగ్గించేదే. కంట్లో ప్రెషర్‌కు వేసుకునే చుక్కలు టిమోలాల్, అదీ ఆ జాతిదే. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి అక్కడి నుంచి రక్తంలో కలుస్తుందట. గోళీ ఒక డాక్టర్ రాసింది, చుక్కలు ఇంకో డాక్టర్ రాసినవి, రెండూ కలిసి గుండెను నెమ్మదింపజేశాయి. కంటి డాక్టర్‌తో మాట్లాడి చుక్కలు మార్చారు. గోళీని మాత్రం సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు, ఇలాంటివి హఠాత్తుగా మానేస్తే బీపీ ఎగబాకుతుంది, గుండెనొప్పి కూడా రావచ్చు. ఇప్పుడు బాపుకు 60 దరిదాపుల్లో ఉంటోంది, కళ్లు తిరగడం పోయింది.

బ్యాండ్‌కు ఇవేవీ తెలియవు. మనం ఏ గోళీ వేసుకుంటున్నామో అడగదు. అందుకే పక్కింటివాళ్ల అంకెతో పోల్చుకోను. కొన్ని కంపెనీలు నిద్రలోని వేగాన్నీ కలిపి లెక్కిస్తాయి, కొన్ని మెలకువలో ఉన్నదే తీసుకుంటాయి. మనకు ఎప్పుడూ ఉండే అంకె ఎంత, అది కారణం లేకుండా బాగా దిగిందా అన్నదే చూస్తాను. ఎవరైనా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా ఏ అంకె ఉందో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయడమే.

కొనాలనుకునేవాళ్లకు: తక్కువ వేగానికి అలర్ట్ పెట్టుకునే వీలుందో లేదో ముందు చూడండి, అన్నిటిలో ఉండదు. రాత్రిపూట నిద్రలేపి భయపెడుతుంటే ఆ హద్దు ఎంత పెట్టుకోవాలో మీ డాక్టర్‌నే అడగండి. చార్జింగ్ వారం వస్తుంది. రబ్బరు పట్టీ ఎండాకాలం చెమటకు దురద పెడుతుంది, నేను గుడ్డ పట్టీ వేయించాను. యాప్‌లో తెలుగు లేదు, బాపు లాంటి పెద్దవాళ్లకు కొంటే పక్కన చదివి చెప్పేవాళ్లు ఉండాలి.