వైనా, విస్కీనా?

నెల్లూరులో ఆదివారం నలుగురు స్నేహితులు కూర్చుంటే తేలని తగువు ఇది.

ఘాటు: వైన్‌లో ఆల్కహాల్ మామూలుగా 12–14 శాతం. మన విస్కీలో 42.8.

ఖర్చు: 750 మి.లీ. వైన్ ఐదు గ్లాసులకే సరి. అదే విస్కీ అయితే 60 మి.లీ. పెగ్గులు పన్నెండు.

నిల్వ: మూత తీసిన వైన్ ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజులే. విస్కీ నెలలు ఆగుతుంది. మే ఎండలకు తెరవని వైన్ కూడా పాడవుతుంది, బీరువా మీద పెట్టకండి.

తిండి: మామిడికాయ వేసిన చేపల పులుసుతో రెడ్ వైన్ వద్దు. దాని వగరుకు కారం ఇంకా మండుతుంది. కాస్త తీపున్న చల్లటి వైట్ వైన్ నయం. రొయ్యల వేపుడుకైతే సోడా కలిపిన విస్కీకే నా ఓటు.

సిగార్: ఒకడు ముట్టిస్తే చాలు, వైన్ వాసన ఎవరికీ తెలియదు. విస్కీ తట్టుకుంటుంది.

భోజనంతో పాటు తాగేవాళ్లకు వైన్, కబుర్లతో భోజనం మరిచే బ్యాచ్‌కు విస్కీ. కావలి దాకా బండి నడపాల్సినవాడికి ఉత్త సోడానే.