మైనస్ డి పెట్టకుండా ఉండాల్సింది: ఉబుంటు 24.04తో ఏడాదిన్నర

ముందే చెప్పేస్తాను, ఉబుంటు 24.04 బాగుంది. ఉబుంటు అంటే విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, 24.04 దాని విడుదల నెంబరు. ఏడాదిన్నరగా నా షాపు దాని మీదే నడుస్తోంది. కానీ ఎవరైనా దీని గురించి అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది 2024 ఆగస్టు. ఆ నెల పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకని ఇందులో సగం ఆ గొడవే ఉంటుంది. ర్యామ్ ఎంత కావాలి, ఎలా ఎక్కించుకోవాలి లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

నాది విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, చందా రసీదు పుస్తకాలు చేస్తాను. అప్పుడప్పుడు తెలుగు పీహెచ్‌డీ గ్రంథాలు టైపుకి వస్తాయి. నేను ఉబుంటులోకి వచ్చింది దీనికి ముందుదైన 22.04తో. డబ్బు పెట్టక్కర్లేదన్నది ఒక కారణమే గానీ, అసలు కారణం కీబోర్డు. నేను పని నేర్చుకున్నది ఆపిల్ కీబోర్డు లేఅవుట్ మీద. ఇరవై ఏళ్ల అలవాటు. ఏ అక్షరం ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేను, టైపు చేయమంటే వేళ్లు వాటంతటవే పోతాయి. యూనికోడ్ కావాలంటే, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా చెడని తెలుగు కావాలంటే, ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్ మొదటినుంచి నేర్చుకోవలసిందే అని అందరూ భయపెట్టారు. తీరా చూస్తే ఉబుంటులో ఐబస్ ఎం17ఎన్ అని ఒక చిన్న ప్యాకేజీ ఉంది. అది వేసుకుంటే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన, సరళ అనే లేఅవుట్లతో పాటు ఆపిల్ కూడా దొరుకుతుంది. మొదటిరోజు దాంట్లో మా అమ్మ పేరు టైపు చేసి చూసుకున్నాను. ఒక్క అక్షరం తడబడలేదు. ఆరోజు పడ్డ సంతోషం వల్లే ఉబుంటు మీద అంత నమ్మకం పెరిగింది.

24.04 కోసం అంతలా ఎదురుచూడడానికి కారణం కరెంటు. 22.04తో వచ్చినది లిబ్రెఆఫీస్ 7.3, వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్. 2024 ఎండాకాలంలో ఒకరోజు హఠాత్తుగా కరెంటు పోయి, ఒక పరిశోధక విద్యార్థిని గ్రంథంలో నాలుగు పేజీలు పోయాయి. కొత్తదాంతో లిబ్రెఆఫీస్ 24.2 వస్తుంది, అందులో పని దానంతటదే సేవ్ అవుతుంటుంది అని విన్నాను. ఇక అప్పటినుంచి రోజులు లెక్కపెట్టడమే.

24.04 ఏప్రిల్ 25న విడుదలైంది. అయితే 22.04 వాడేవాళ్లకి వెంటనే కబురు రాదు. మొదటి సవరణ, అంటే 24.04.1 వచ్చాకే పాత సిస్టమ్‌లో అప్‌గ్రేడ్ చేసుకోమని కనబడుతుంది. దానికి పెట్టిన తేదీ ఆగస్టు 15. నాలుగు నెలలు ఆగాలా అనిపించింది గానీ, తేదీ అంటూ ఉంది కదా అని ఆగాను. పైగా ఆ రోజు షాపుకి సెలవు. అది కూడా కలిసొచ్చిందనుకున్నాను.

ఆ ఏడాది శ్రావణం సంగతి ఇక్కడివాళ్లకి గుర్తుండే ఉంటుంది. వేసవిలో మూఢం, తర్వాత ఆషాఢం. నెలల తరబడి ముహూర్తాలు లేక పెళ్లిళ్లన్నీ శ్రావణంలో పడ్డాయి. శుభలేఖల పని ఒక్కసారిగా మీదపడింది. పదిహేనో తేదీ ఒక్కరోజు ఖాళీ ఉండాలని పద్నాలుగో తేదీ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని కార్డులన్నీ ప్రెస్సుకి పంపేశాను. పొద్దున్నే స్నానం చేసి, షట్టర్ సగం దించి, టెర్మినల్ (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) తెరిచి అప్‌గ్రేడ్ ఆజ్ఞ కొట్టాను. కొత్త విడుదల ఏదీ కనబడలేదు అని ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది. పది గంటలకి మళ్లీ అదే. మధ్యాహ్నం అదే. సాయంత్రం మళ్లీ కొట్టాను, అదే ముక్క. పదహారు, పదిహేడు తేదీలు కూడా అలాగే గడిచాయి.

విషయం ఏమిటంటే తేదీని ఆగస్టు 29కి జరిపారు. ఆ మాట బయట ప్రకటించారు కూడా. నా తెర మీద మాత్రం దాని ఊసే లేదు. నేను ఇంగ్లీషు ప్రకటనలు వెతుక్కుని చదివే మనిషిని కాను. నాకు తెలిసిన చోటు నా కంప్యూటరే. అది నాతో కొత్త విడుదలే లేదంటోంది. ఏప్రిల్‌లో విడుదలైన సంగతి అందరికీ తెలుసు, మరి లేదంటే ఏమనుకోవాలి? నా సిస్టమే పాడైందేమోనని రెండు రోజులు నెట్ సెట్టింగులన్నీ మార్చి చూశాను.

మా పనిలో తేదీ చెప్పడమంటే మాట ఇవ్వడమే. పెళ్లివారికి మంగళవారం అన్నామంటే మంగళవారం కార్డులు చేతిలో పెట్టాలి. ఆలస్యమైతే మనమే ముందు ఫోన్ చేయాలి, ఏమైందో చెప్పాలి. చెప్తే తిడతారు, అయినా అర్థం చేసుకుంటారు. చెప్పకపోతే నేరుగా షాపుకే వచ్చేస్తారు. ఆ కొత్త విడుదల లేదన్న ముక్క చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొచ్చి మండిపోయేది.

పద్దెనిమిదో తేదీ ఆదివారం. రాఖీ పున్నమి ముందు రాత్రి. ఎదురింట్లో ఇంజినీరింగ్ చదివే అబ్బాయి నాకు ఇలాంటి వాటిలో సాయం చేస్తుంటాడు. "ఆజ్ఞ చివర మైనస్ డి పెడితే ఇప్పుడే వచ్చేస్తుంది పిన్నీ, కానీ అది ట్రయల్ వేసేవాళ్లకి. నన్నడిగితే ఆగండి" అన్నాడు. వాడు ఆగమనే చెప్పాడు. నేనే ఆగలేకపోయాను. రాత్రి తొమ్మిదింటికి ఆజ్ఞ కొట్టాను, చివర మైనస్ డి పెట్టి మరీ.

గంటన్నర బాగానే నడిచింది. ప్యాకేజీలు దిగడం అయిపోయి, ఒక్కొక్కటే విప్పుకుని ఎక్కుతున్నాయి. పది ముప్పావుకి వాన, దాంతో పాటే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది. అది కీచుకీచుమంటుంటే టార్చ్ పట్టుకుని తెర వంక చూస్తూ నిలబడ్డాను. తెర మీద వరసలు ఇంకా పైకి పోతూనే ఉన్నాయి. ఎన్ని మిగిలాయో తెలియదు, ఆపితే ఏమవుతుందో తెలియదు. ఏడెనిమిది నిమిషాలకి అంతా ఒక్కసారి ఆరిపోయింది.

కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, పైన మూలగా ఒక చిన్న తెల్ల గీత కొట్టుకుంటోంది. అంతే. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి పోతాయన్న భయం లేదు. కానీ అప్పటికి నాకున్నది ఒక్కటే సిస్టమ్. పొద్దున్నే ఒక పెద్దాయన రావాలి, మనవరాలి పెళ్లి కార్డులో తప్పులు దిద్దించుకోవడానికి.

ఆయన తొమ్మిదింటికల్లా వచ్చేశారు. "ఏటమ్మా, ఇంకా అవనేదా? ప్రెస్సోడు పొద్దున్నుంచి ఫోన్ మీద ఫోను" అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అది ఇంకా బాధనిపించింది. పక్క సందులో తెలిసినవాళ్ల షాపుకి వెళ్లి కూర్చున్నాను. అక్కడ యూనికోడ్‌కి ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే ఉంది. మీటల వంక చూసుకుంటూ, ఒక్కో ఒత్తు వెతుక్కుంటూ, పది నిమిషాల్లో అయ్యే దిద్దుబాటు రెండు గంటలు చేశాను. వరుడి తండ్రి పేరులో ఒక ఒత్తు తప్పుపోతే ఆయనే వేలు పెట్టి చూపించారు.

సిస్టమ్ బాగవడానికి రెండు రోజులు పట్టింది. ఆ అబ్బాయి కాలేజీ నుంచి వచ్చాక రికవరీ మెనూలోకి వెళ్లి, సగంలో ఆగిన ప్యాకేజీలను డీపీకేజీతో, అంటే ప్యాకేజీలు ఎక్కించే ఆజ్ఞతో, పూర్తి చేయించాడు. ఫోన్ నెట్ కలిపి మిగిలినవి దించాడు. మొదటి రాత్రి తెర తిరిగొచ్చింది గానీ తెలుగు టైపింగ్ లేదు. రెండో రాత్రి దాన్ని మళ్లీ వేశాం. మీకెవరికైనా ఇలా మధ్యలో ఆగిపోతే కంగారుపడి మొత్తం చెరిపేయకండి. సగం ఎక్కినవాటిని ముందు పూర్తి చేయించి చూడండి. చాలావరకు తిరిగొస్తుంది.

ఆలస్యానికి కారణం తర్వాత తెలిసింది. పాతదాని నుంచి కొత్తదానికి మారేటప్పుడు తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి, వాటిని సరిచేయడానికే రెండు వారాలు జరిపారు. ఆగస్టు 29న 24.04.1 వచ్చింది, అప్‌గ్రేడ్ దారి తెరిచారు, మళ్లీ లోపం కనబడి సెప్టెంబర్ మొదట్లో దాన్ని ఆపేశారు. అంటే నాలా తొందరపడకుండా కూర్చున్నవాళ్లు కూడా ఇంకోసారి కూర్చోవలసి వచ్చింది. శ్రీకాకుళంలో మా చెల్లెలు తన ల్యాప్‌టాప్‌లో ఏమీ ముట్టుకోలేదు. సెప్టెంబర్ చివరికి కబురు దానంతటదే వచ్చింది, ఒక మధ్యాహ్నం అప్‌గ్రేడ్ పెట్టి వంట చేసుకుంది, సాయంత్రానికి అయిపోయింది.

అదే ఏడాది ఇంకో ఆలస్యం కూడా జరిగింది. దాని గురించి చదివాక నా కోపం చాలావరకు తగ్గింది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఒక సంగతి బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే దారి, మామూలు కంటే అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. 24.04 కోసం సిద్ధం చేస్తున్న ప్యాకేజీల దాకా అది వచ్చింది. దాంతో అనుమానం ఉన్న కాలంలో తయారైన ప్యాకేజీలన్నీ పక్కనపెట్టి మళ్లీ తయారు చేశారు. బీటా, అంటే అసలు విడుదలకి ముందు వచ్చే ట్రయల్, ఏప్రిల్ 4 నుంచి 11కి పోయింది. అర సెకను తేడాని పట్టించుకున్న మనిషి ఒక్కడు లేకపోతే ఎంత ప్రమాదం జరిగేదో! అలాంటి ఆలస్యం ఎన్ని వారాలైనా నాకు సమ్మతమే.

నాకు మిగిలిన ఫిర్యాదు ఆ ఒక్క ముక్క గురించే. 'విడుదల లేదు' అనే చోట 'ఫలానా తేదీకి జరిగింది' అని ఉంటే నేను మైనస్ డి జోలికే పోయేదాన్ని కాదు. ఈ ఉబుంటువాళ్లదే ఒక పాత సంగతి ఉంది. ఉబుంటు నెంబరంటే ఏడాది, నెల. 2006లో ఏప్రిల్‌లో రావలసినది ఆరు వారాలు జరిగి జూన్ 1న వచ్చింది. అందుకే దాని నెంబరు 6.06. ఆలస్యాన్ని పేరులోనే రాసుకున్నారు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అదే నిజాయితీ మా షాపుల్లో ఉండే తెర మీద కూడా కనబడాలని అడుగుతున్నాను, అంతే.

ఇక మంచి సంగతి. ఆ అక్టోబర్‌లో మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర 15న. ఆ వారం ఊరంతా జనం, షాపులో ఊపిరి సలపదు. ఒక పీహెచ్‌డీ గ్రంథంలో నలభై పేజీల అధ్యాయం దిద్దుతుంటే కరెంటు పోయింది, యూపీఎస్ ఈసారి రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. మళ్లీ పోయిందే అనుకుంటూ ఆన్ చేశాను. ఫైలు తెరవగానే, ఆగిపోయిన పనిని తిరిగి తెమ్మంటారా అని ఒక చిన్న పెట్టె వచ్చింది. సరే అన్నాను. చివరి పేరాలో నాలుగు లైన్లు తప్ప అంతా ఉంది. చూపుడు గీత ఆగిన వాక్యం దగ్గర నిలబడి ఉంది. ఆ గ్రంథం రాస్తున్న అమ్మాయి పక్కనే ఉండి, "అక్కా, వచ్చేసిందా?" అని నా భుజం పట్టేసుకుంది.

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సౌకర్యం పాత 7.3లోనూ ఉందట. 24.2లో మనం చెప్పకుండానే ఆన్‌లో ఉంటుంది, పాతదాంట్లో సెట్టింగుల్లోకి వెళ్లి చూసుకోవాలి. అది ముందే తెలిసుంటే అంత ఆరాటపడేదాన్నే కాదు. అలాగే ఆపిల్ కీబోర్డుని అంత మెచ్చుకున్నాను గానీ, 24.04కి మారాక కొన్ని ప్రోగ్రాముల్లో భాష మార్చే మీట రెండుసార్లు నొక్కితే గానీ పడడం లేదు. ఇప్పటికి అలవాటైపోయింది.

మరి మీరు మారాలా? మీ ప్రెస్సువాళ్లు పీడీఎఫ్ తీసుకుంటే నిశ్చింతగా మారండి. మా ప్రెస్సాయన మొదట్లో "కోరల్ ఫైలు లేదా అమ్మా?" అని, విండోస్‌లో డిజైన్లు చేసే కోరల్‌డ్రా ఫైలు అడిగేవాడు, ఇప్పుడు అడగడం మానేశాడు. మీ పని విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్ మీదా, పాత నాన్ యూనికోడ్ ఫాంట్ల ఫైళ్ల మీదా నడుస్తుంటే మాత్రం పాత సిస్టమ్ అమ్మేయకండి. నేనూ అందుకే ఒకటి విడిగా కొన్నాను. నా పనిలో సగం పరిశోధక విద్యార్థులది, వాళ్లకి యూనికోడే కావాలి, కాబట్టి నాకు సరిపోయింది. పూర్తిగా శుభలేఖల మీద బతికే షాపుకి ఇదే మాట చెప్పగలనా అంటే చెప్పలేను.

ఇప్పుడు 26.04 వస్తోంది. 24.04కి 2029 దాకా భద్రతా సవరణలు ఉన్నాయి కాబట్టి నాకు తొందర లేదు. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. శ్రావణంలో పెళ్లి కార్డులన్నీ అయ్యాక, మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో కబురు వచ్చిందని తను ఫోన్ చేశాక, అప్పుడు చూస్తాను.