పర్లాకిమిడి బట్టల దుకాణం లెక్కలకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్

ఒడిశా-ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని ఒక బట్టల దుకాణం బిల్లింగ్ అప్లికేషన్‌కు, సమాచారాన్ని భద్రపరిచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను అమర్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. 1986లో బర్క్‌లీలో పరిశోధనగా మొదలైన ఈ డేటాబేస్‌కు లైసెన్సు రుసుము లేకపోవడం చిన్న వ్యాపారికి పెద్ద ఊరట.

ఈ సరిహద్దు ఊళ్లలో ఖాతాదారుల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి కనుక, డేటాబేస్‌ను సృష్టించేటప్పుడే ఎన్‌కోడింగ్ (అక్షరాలను నిల్వచేసే పద్ధతి) ఈ లిపులన్నిటినీ పట్టే యూటీఎఫ్-8 అవునో కాదో చూసుకోవాలి; తరువాత మార్చాలంటే కొత్త డేటాబేస్ సృష్టించి సమాచారమంతా తరలించవలసిందే. బాకీలకు అంకెలను ఖచ్చితంగా దాచే న్యూమరిక్ రకాన్నే వాడాలి, ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వాడితే పైసల లెక్క తప్పుతుంది.

మొదట ఇది స్థానిక యంత్రం నుంచి వచ్చే కనెక్షన్లనే స్వీకరిస్తుంది. ఇతర కౌంటర్లను కలపడానికి లిజన్ అడ్రెసెస్ (సర్వర్ ఏ చిరునామాలపై కనెక్షన్లు స్వీకరించాలో చెప్పే సెట్టింగు) మార్చి, ఎవరు ఎలా కనెక్ట్ కావచ్చో చెప్పే హెచ్‌బీఏ ఫైలులో దుకాణపు నెట్‌వర్క్‌కు మాత్రమే పాస్‌వర్డ్‌ను సురక్షితంగా సరిచూసే స్క్రామ్ పద్ధతిలో అనుమతి ఇవ్వాలి; పాస్‌వర్డ్ అడగని ట్రస్ట్ పద్ధతిని ఎవరు సూచించినా అంగీకరించకండి. సాధారణంగా 128 మెగాబైట్లుగా ఉండే షేర్డ్ బఫర్స్‌ను (డేటాబేస్ తన సమాచారం ఉంచుకునే మెమరీ భాగాన్ని), డేటాబేస్‌కే కేటాయించిన సర్వర్‌లో మెమరీలో నాలుగో వంతు వరకు పెంచి, సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి.

నాకు అన్నిటికంటే నచ్చినది దీని నమ్మకం. మార్పులను ముందుగా లాగ్‌లో రాసుకోవడం వల్ల, బిల్లు మధ్యలో కరెంటు పోయినా, అప్పటికే కమిట్ అయిన (ఖరారైన) లావాదేవీలు తిరిగి నిలబడతాయి. వేగం కోసం, రాసినది డిస్క్‌కు చేరేలా చూసే ఎఫ్‌సింక్‌ను ఆపితే మాత్రం ఆ రక్షణ పోతుంది.

అసౌకర్యమల్లా కొత్త ప్రధాన వెర్షన్‌కు మారడమే: పాత డేటా ఫైళ్లు నేరుగా పనిచేయవు, సాధారణంగా పీజీ అప్‌గ్రేడ్ అనే ఉపకరణం వాడడం గానీ, డంప్ (సమాచారమంతటి నకలు) తీసి మళ్లీ ఎక్కించడం గానీ తప్పదు.