కాలనీ పార్కును ఎవరు చూసుకుంటే మేలు: మున్సిపాలిటీనా, సంక్షేమ సంఘమా?

లే-అవుట్ వేసేటప్పుడు పార్కుకూ ఆటస్థలానికీ కలిపి సాధారణంగా 10 శాతం భూమి వదలాలి. ఆ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. కాబట్టి కాగితాల మీద పార్కు ఎవరిదో ఎప్పుడో తేలిపోయింది. అది మున్సిపాలిటీది, అంటే అందరిదీ. తేలనివి మిగతా ప్రశ్నలు. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోతే బాగు చేయించేది ఎవరు? పొద్దున్నే గేటు తీసేది ఎవరు? ఊయల గొలుసు తెగి పిల్ల కింద పడితే జవాబు చెప్పేది ఎవరు? ఈ ప్రశ్నలు వచ్చినప్పుడు మున్సిపాలిటీ కాలనీ సంఘం వైపు చూస్తుంది, సంఘం మున్సిపాలిటీ వైపు చూస్తుంది. ఈలోగా వయ్యారిభామ మోకాలెత్తు పెరుగుతుంది.

మున్సిపాలిటీ వైపు బలమైన వాదం ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనులున్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు వాటిలో పన్నెండోవి. తెలంగాణ 2019లో తెచ్చిన మున్సిపాలిటీల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని చెప్పింది. ఇంటి యజమాని ఏటా ఆస్తి పన్ను కడుతున్నాడు. అద్దెకున్నవారు తమ అద్దెలో ఆ భారం ఎంతోకొంత మోస్తూనే ఉన్నారు. అలాంటప్పుడు అదే పార్కుకు మళ్లీ చందా అడగడం ఒక పనికి రెండుసార్లు డబ్బు తీసుకోవడమే అవుతుంది.

పార్కు స్థలాన్ని ఎవరైనా ఆక్రమిస్తే తొలగించే అధికారం కూడా ప్రభుత్వ సంస్థలకే ఉంది. హైదరాబాద్‌లో 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత కబ్జా అయిన పార్కు స్థలాల చుట్టూ కంచెలు పడుతుంటే ఆ అధికారం విలువ అందరికీ కళ్లకు కట్టింది. సంఘం అధ్యక్షుడు ఎంత గట్టివాడైనా కబ్జాదారు గోడను పడగొట్టలేడు. చేయగలిగింది ఫిర్యాదు రాయడమే.

అయినా మున్సిపాలిటీ చేతిలో పార్కులు ఎండిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. నాకు అర్థమైన కారణం ఒకటుంది. కొత్తది కట్టడానికి నిధులు మంజూరవుతాయి, శిలాఫలకం పడుతుంది, ఫొటోలు వస్తాయి. ఉన్నదాన్ని నిలబెట్టడానికి అలాంటి సందడి ఏదీ ఉండదు. ఓపెన్ జిమ్‌లో ఒక పరికరం బోల్టు ఊడిపోయిందనుకోండి. బోల్టు ఖరీదు వంద రూపాయల లోపే ఉంటుంది. కానీ దానికీ ఫిర్యాదు నమోదు కావాలి, ఎవరో వచ్చి చూడాలి, అంచనా వేయాలి, పై అధికారి సంతకం పెట్టాలి. పెద్ద పనికి పట్టే ఫైలే చిన్న పనికీ పడుతుంది. ఆ బోల్టు అధికారి రోజూ నడిచే దారిలో లేదు. తోటమాలి వస్తే కాంట్రాక్టర్ మనిషిగా వస్తాడు. ఆ ఒక్కడే ఇంకా ఎన్నో పార్కులు చూసుకోవాలి. అతను రాకపోయినా బిల్లు ఆగదు. వచ్చాడా లేదా అని తెలిసినవాళ్లు కాలనీవాళ్లే, వాళ్లను అడిగేవారు లేరు.

సంఘం బలం సరిగ్గా ఇక్కడే ఉంది. మోటారు పొద్దున ఆగిపోతే సాయంత్రానికి మెకానిక్ వస్తాడు. ఏ వేప మొక్క ఎవరు నాటారో, ఏ మూల నీరు నిలుస్తుందో, చీకటి పడ్డాక ఏ బెంచీ దగ్గర ఎవరు చేరుతున్నారో అక్కడివారికే తెలుస్తుంది. బాగా నడిచే సంఘం ఉన్న కాలనీలో పార్కును చూస్తే ఆ తేడా గేటు దగ్గరే కనిపిస్తుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఆ సంఘం ఎవరి మీద నడుస్తోందో కూడా చూడాలి. చాలాచోట్ల ఒకరిద్దరు పదవీ విరమణ చేసిన పెద్దవాళ్లు ఓపిక చేసుకుని తిరుగుతుంటారు. వారికి ఆరోగ్యం బాగాలేకపోయినా, ఆరు నెలలు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లినా పార్కులో నీళ్లు ఆగిపోతాయి. డబ్బు సంగతీ అంతే. అపార్టుమెంటులోనైతే ఉమ్మడి ఖర్చులో వాటా ఇవ్వడం ఫ్లాటు యజమాని బాధ్యత. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఆ మాట చెబుతుంది. విడివిడి ఇళ్లున్న కాలనీలో ఆ పట్టు లేదు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనా, సభ్యుడిగా చేరనివారి దగ్గర సంఘం చందా వసూలు చేయలేదు. వంద ఇళ్లు నెలకు రూ.200 చొప్పున ఇస్తే రూ.20,000 వస్తుందని లెక్క వేసుకుంటాం. సగం మందే ఇస్తే తోటమాలికి పూర్తి జీతం కూడా రాదు. ఇచ్చే సగం మంది, ఇవ్వని సగాన్ని చూసి నెమ్మదిగా మానుకుంటారు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది తాళం. చందాలతో నడిచే పార్కుకు కొంతకాలానికి ఒక బోర్డు వేలాడుతుంది: కాలనీవాసులకు మాత్రమే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరిచి, మిగతా సమయమంతా తాళం వేస్తారు. ఆ మిగతా సమయంలో నీడ అవసరమైనవాళ్లు ఎవరు? నాలుగిళ్లలో పని ముగించుకుని అన్నం డబ్బా విప్పుకోవాలనుకునే మహిళ. మధ్యాహ్నం ఎండలో కాసేపు నడుము వాల్చాలనుకునే ఆటోడ్రైవరు. పక్క బస్తీలో ఇంటి ముందు అడుగు ఖాళీ లేని పిల్లలు. వీళ్లందరినీ కలిపి ‘బయటివాళ్లు’ అనేస్తారు. గిఫ్ట్ డీడ్‌లో ఆ మాట ఉండదు. భద్రత కోసమే తాళం అంటారు, ఆ భయం అబద్ధం కాదు. కానీ దానికి మందు వెలుతురు, కాపలా, జన సంచారం. నలుగురూ తిరిగే పార్కులో ఆకతాయిలకు చోటు తక్కువ. తాళం వేసిన పార్కు గోడ దూకేవాళ్లకే అనుకూలం.

మున్సిపాలిటీకి వదిలేస్తే పార్కు క్షేమంగా ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చింది ప్రభుత్వ ఆదేశంతో అక్కడి అభివృద్ధి సంస్థే. కోర్టుకు వెళ్లింది చుట్టుపక్కల నివాసులు. సుప్రీంకోర్టు 1991లో ముద్దప్ప కేసులో వారి పక్షాన తీర్పు చెప్పి, ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. యజమాని స్థానంలో ఉన్నవారే దారి తప్పారు, ఇరుగుపొరుగు కాపాడారు. అందుకే కాలనీవాళ్లను ఈ వ్యవహారం నుంచి తప్పించాలని నేను అనను.

మూడో దారి పార్కును కంపెనీకో ట్రస్టుకో దత్తత ఇవ్వడం. ముంబయిలో ఈ పద్ధతిలో ఖాళీ స్థలాలు ప్రైవేటు సంస్థల చేతికి వెళ్లాయి. కొన్నిచోట్ల సభ్యత్వం ఉన్నవారికే ప్రవేశమున్న క్లబ్బులు లేచాయి. 2016లో కొత్త విధానం తెచ్చినప్పుడు నగరం గట్టిగా వ్యతిరేకించింది, ప్రభుత్వం దానిపై స్టే ఇచ్చింది. బెంచీలు ఇస్తామని, మొక్కలు నాటిస్తామని వచ్చే సంస్థను కాదనక్కర్లేదు. గేటు మాత్రం వారి చేతికి ఇవ్వకూడదు.

కాబట్టి నా మొగ్గు స్పష్టం. స్థలం, నీళ్లు, కరెంటు, తోటమాలి జీతం, గేటు తాళం మున్సిపాలిటీవి. కన్నేసి ఉంచడం కాలనీది. ఆ కన్నుకు విలువ ఉండాలంటే కాంట్రాక్టర్ బిల్లు మీద స్థానికుల సంతకం తప్పనిసరి చేయాలి. తెలంగాణలో 2019 చట్టం ప్రతి వార్డుకు యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు వేయమంది, ఒక్కోదానిలో 15 మంది. పార్కుకు సంబంధించి వారికి ఈ ఒక్క సంతకం అధికారం ఇచ్చినా తోటమాలి రోజూ వస్తాడు. బోల్టులు, కుళాయిలు, గొలుసుల కోసం ఫైలు అవసరం లేని చిన్న మొత్తాన్ని వార్డు స్థాయిలోనే ఉంచాలి. వీధి దీపాలు, మ్యాన్‌హోళ్ల జోలికి సంఘం అసలు పోకూడదు. చందా డబ్బుతో స్తంభం ఎక్కిన మనిషికి ఏమైనా అయితే ఆ కుటుంబానికి ఎవరు దిక్కు?

ఇప్పటికే సంఘం నడుపుతున్న పార్కును రేపే వదిలేయమని చెప్పను, మొక్కలు ఎండిపోతాయి. మున్సిపాలిటీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. గడువు రెండేళ్లకు మించనివ్వకండి. గేటు ఎన్ని గంటలు తెరిచి ఉంచాలో, లోపల ఆఫీసు గదితో సహా ఏ కట్టడమూ కట్టకూడదని అందులో రాయించండి. జమాఖర్చులు నెలనెలా గేటు దగ్గర అతికించండి. కరెంటు మీటరు సంఘం పేరునో అధ్యక్షుడి పేరునో ఉంటే మున్సిపాలిటీ పేరుకు మార్పించండి. లేకపోతే సంఘం చేతులెత్తేసిన నెల బకాయి ఆ పెద్దాయన మెడకు చుట్టుకుంటుంది, బోరు ఆగిపోతుంది.