హన్మకొండ పార్కులో ఏడు చుట్ల దారి: నాలుగు నెలలు నడిచాక నా మాట

హన్మకొండలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న పార్కులో ఓ మూలకు, ఎనిమిది ఆకారం వాకింగ్ ట్రాక్ పక్కనే, నేల మీద గుండ్రాళ్ళు పేర్చి చుట్లు చుట్లుగా ఒక దారి వేసి ఉంటుంది. ఇంగ్లిష్‌లో లాబిరింత్ అంటారు, మా కాలనీలో మాత్రం అందరూ పద్మవ్యూహం అనే అంటున్నారు. ఆ పేరు విని లోపల ఇరుక్కుపోతామేమో అనుకోకండి. ఎగ్జిబిషన్‌లో అద్దాల మహల్ లాంటిది కాదిది, గోడలు లేవు, మూసుకుపోయే సందులు లేవు, ఉన్నది ఒకటే దారి. అభిమన్యుడికి బయటికి రావడం తెలియదు గానీ ఇక్కడ పోయిన దారే వచ్చే దారి.

ఎటు తిరగాలి అని ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన పని లేకపోవడమే నాకు బాగా నచ్చింది. రోజంతా ఆఫీసులో, ఇంట్లో అన్నీ నేనే తేల్చాలి. ఇక్కడ కాళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. లోపలికి అడుగు పెట్టగానే మొదటి చుట్టులోకి కాదు, బయటి నుంచి మూడో చుట్టులోకి పోతాం. అక్కడి నుంచి రెండు, తర్వాత ఒకటి, అంటే నడుస్తున్నకొద్దీ మధ్యకు దూరమవుతాం. మళ్ళీ నాలుగు, ఆ వెంటనే ఏడు. ఏడో చుట్టులో ఉన్నప్పుడు నడిమి బండ చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంటుంది, అయిపోయింది అనుకుంటాం, కానీ దారి మళ్ళీ ఆరుకూ అయిదుకూ తీసుకుపోతుంది. అయిదో చుట్టు తిరిగాకే మధ్యకు చేరేది. మొదటి రోజు ఆ ఏడో చుట్టులో నాకు నిజంగా చిరాకొచ్చింది, రాళ్ళు దాటి అడ్డంగా పోదామనిపించింది. ఇప్పుడు సరిగ్గా అక్కడే నడక నెమ్మదిస్తాను. మెల్లగా నడిస్తే పోయి రావడానికి పది నిమిషాలు పడుతుంది.

ఇట్లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో షార్త్ర్ అనే ఊరి పెద్ద చర్చిలో 13వ శతాబ్దంలో నేల మీద పరిచినది ఇప్పటికీ ఉంది. దానికి 11 చుట్లు, అడ్డంగా కొలిస్తే 13 మీటర్లకు కాస్త తక్కువే, అయినా దారి మాత్రం 260 మీటర్ల దాకా సాగుతుంది. మన వైపు చూస్తే హళేబీడు గుడి గోడ మీద అభిమన్యుడి ఘట్టం చెక్కినచోట చక్రవ్యూహాన్ని కూడా ఇట్లా చుట్లుగానే చూపించారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఎట్లా నడవాలో చెప్పే బోర్డు లేదు, అందుకే చాలామంది రాళ్ళ మీద నుంచి అడ్డంగా దాటిపోతారు, రెండు చోట్ల రాళ్ళు లేచిపోయి ఏది ఏ చుట్టో తెలియడం లేదు. వానాకాలంలో గడ్డి పెరిగి దారి కనబడదు. సాయంత్రం పిల్లలు అక్కడే క్రికెట్ ఆడతారు, వాళ్ళను అనేదేం లేదు, వాళ్ళకు వేరే జాగా ఏది? ఎండాకాలంలో తొమ్మిది దాటాక చెప్పులు లేకుండా అడుగు పెట్టలేం. పొద్దున ఆరు గంటలకు పోవడం మంచిది, ఫోన్ బ్యాగులోనే ఉంచండి.

అమ్మ పోయినప్పటి నుంచి బాపు పరకాల దగ్గర ఊళ్ళో ఒక్కడే ఉంటున్నాడు, ఎంత పిలిచినా నా దగ్గరికి వచ్చి ఉండడు. పోయిన నెల కంటి డాక్టర్‌కు చూపించడానికి వచ్చినప్పుడు పార్కుకు తీసుకుపోయాను. చేతులు వెనక్కి కట్టుకుని, కింది రాళ్ళను చూసుకుంటూ, ఒక్క మాట మాట్లాడకుండా మధ్య దాకా నడిచాడు. అక్కడ చాలాసేపు నిలబడి, "బతుకమ్మ సుట్టూ తిరిగినట్టే ఉన్నది బిడ్డా, చప్పట్లే లెవ్వు" అన్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, అమ్మ తంగేడు పువ్వు కోసం చెరువు కట్ట దాకా పోయేదని, బతుకమ్మ ఎంత ఎత్తు పేర్చేదో చేత్తో చూపిస్తూ చెప్పాడు. ఏడాదిన్నరలో బాపు నోటి నుంచి అమ్మ మాట రావడం అదే మొదటిసారి.

లేచిపోయిన రాళ్ళు మళ్ళీ పెట్టించమని పార్కు చూసుకునేవాళ్ళకు కాగితం రాసిచ్చాను. బాపు దసరాకు వస్తానన్నాడు, అప్పటికి బాగుచేస్తే చాలు.