ఇరవై డాలర్ల డాజోన్, ఆండీ రూయిజ్, మా బావ

బాక్సింగ్ లాంటి ఆటలు లైవ్‌గా చూపించే డాజోన్ యాప్ కొనొచ్చా అని మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. కొను, వద్దు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు గానీ, ఆ యాప్ పేరు వింటేనే నాకు 2019 జూన్ 1 రాత్రి గుర్తొస్తుంది. అందుకే ఈ రివ్యూలో యాప్ కన్నా ఆ రాత్రి గురించే ఎక్కువ ఉంటుంది, ముందే చెప్తున్నా.

అప్పుడు మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. మా బావకి బాక్సింగ్ పిచ్చి. బ్రిటన్‌కి చెందిన ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ ఆంథొనీ జాషువా అమెరికాలో మొదటిసారి రింగ్‌లోకి దిగుతున్నాడు, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, ఎలాగైనా చూడాల్సిందే అని శనివారం పొద్దున్నే అక్కనీ పిల్లల్నీ తీసుకుని వచ్చేశాడు. దగ్గర్లో ఉన్న ఓ స్పోర్ట్స్ బార్‌కి ఫోన్ చేస్తే, ఆ ఫైట్ మేం వేయట్లేదు, బేస్‌బాల్ ఉంది అన్నారు. ఇక డాజోన్ కొనక తప్పలేదు. నెలకైతే 19.99 డాలర్లు, ఏడాదికైతే 99.99. "ఏడాదిది తీసుకోరా, ఐదు నెలల డబ్బుకి పన్నెండు నెలలు వస్తుంది" అని బావ చెప్తూనే ఉన్నాడు. ఎప్పుడో ఒక ఫైట్ చూడ్డానికి ఏడాదంతా ఎందుకు బావా అని నేను నెలది కొట్టాను. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇరవై డాలర్లు ఎక్కువా అంటే, అంతకుముందు పెద్ద ఫైట్లు ఎలా అమ్మేవారో తెలిసినవాళ్లు ఆ మాట అనరు. 2015లో మేవెదర్, పాక్వియావో ఫైట్ హెచ్‌డీలో చూడ్డానికి దాదాపు వంద డాలర్లు. పే పర్ వ్యూ అంటే అంతే, ఒక్క రాత్రికి ఒక్క బిల్లు. నలుగురు ఫ్రెండ్స్ తలా పాతిక వేసుకుని చూసేవాళ్లం. డాజోన్ అమెరికాకి 2018 సెప్టెంబర్‌లో వచ్చింది, పే పర్ వ్యూ కాలం అయిపోయిందని చెప్పుకుంటూ. ఇప్పుడు వాళ్లే కొన్ని ఫైట్లు పే పర్ వ్యూలో అమ్ముతున్నారనుకోండి, అది వేరే కథ.

నాకు తర్వాత్తర్వాత అర్థమైందేమిటంటే, ఈ నెలవారీ చందా పద్ధతి వల్లే ఆ రాత్రి జాషువా ఎదుట దిగిన, పెద్దగా పేరు లేని ఆండీ రూయిజ్‌కి ఆ ఛాన్స్ అంత తేలిగ్గా దొరికింది. పే పర్ వ్యూలో అవతలివాడు కూడా అమ్ముడుపోవాలి. పోస్టర్ మీద రెండు మొహాలుంటాయి, రెండో మొహం ఎవరిదో జనానికి తెలియకపోతే వంద డాలర్లు ఎవడు పెడతాడు? చందాలో ఆ బాధ లేదు. జనం జాషువా కోసం కడతారు, కంపెనీకి కావాల్సింది ఆ తేదీకి జాషువా రింగ్‌లో కనపడ్డం. ఎదురుగా ఎవరు నిలబడ్డా షో నడవాలి.

ఆ షో నడవడమే కష్టమయ్యేలా ఉంది అప్పుడు. అసలు ఎదురు నిలబడాల్సింది బ్రూక్లిన్ వాడు జారెల్ మిల్లర్. ఏప్రిల్‌లో డోప్ టెస్టులో దొరికాడు, ఒకటి కాదు, మూడు శాంపిళ్లలో మూడు రకాలు. బాక్సింగ్‌కి అనుమతులిచ్చే న్యూయార్క్ కమిషన్ లైసెన్స్ ఇవ్వనంది. పందిరి వేసేశారు, శుభలేఖలు పంచేశారు, వంటవాళ్లు వచ్చేశారు, పెళ్లికొడుకు మాత్రం పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు. అలా అయింది పరిస్థితి. లూయిస్ ఓర్టిజ్‌ని అడిగారు, బేరం కుదరలేదు. పైగా ఎవర్నిపడితే వాణ్ని తేవడానికి లేదు, బెల్టులిచ్చే సంస్థల ర్యాంకుల్లో మొదటి పదిహేను మందిలో ఉండాలి. ఆరు వారాల ముందు అలాంటివాడు ఖాళీగా, ఒంట్లో దమ్ముతో, డోప్ గొడవ లేకుండా దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆండీ రూయిజ్‌కి ఏప్రిల్ 20న కాలిఫోర్నియాలోని కార్సన్‌లో ఓ ఫైట్ ఉంది, అలెగ్జాండర్ డిమిట్రెంకో మీద. ఐదు రౌండ్లతో తేల్చేశాడు. అంటే ట్రైనింగ్‌లోనే ఉన్నాడు, వారం సెలవు తీసుకుని మళ్లీ జిమ్‌కి వెళ్తే చాలు. అప్పటికి 32 గెలుపులు, ఒకే ఓటమి. ఆ ఓటమి కూడా 2016 డిసెంబర్‌లో ఆక్లాండ్‌లో జోసెఫ్ పార్కర్ సొంతగడ్డ మీద, ప్రపంచ టైటిళ్లలో ఒకటైన డబ్ల్యూబీఓ బెల్ట్ కోసం, అదీ ఒక జడ్జి సమానం అని ఇచ్చిన ఫైట్. అంత దగ్గరికొచ్చి ఓడినవాడికి 2017 మొత్తంలో ఒక్క ఫైట్ కూడా లేదు. 2019 మొదట్లో ఫైట్లు కుదిర్చిపెట్టే పాత ప్రమోటర్‌ని వదిలేసి కొత్త గూటికి చేరాడు. మన భాషలో చెప్పాలంటే నోటీస్ పీరియడ్ అయిపోయి, ఇంకా ప్రాజెక్ట్ పడకుండా బెంచ్ మీద ఉన్న మంచి డెవలపర్.

జాషువా ప్రమోటర్ ఎడ్డీ హెర్న్‌కి ఇన్‌స్టాగ్రామ్‌లో తనే మెసేజ్ పెట్టాడు, ఆ ఫైట్ నాకివ్వండి, మిగతావాళ్లకన్నా గట్టిగా పోరాడతా అని. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మనవాళ్లు రిఫరల్ కోసం లింక్డ్ఇన్‌లో మెసేజ్ పెట్టడానికే మూడు రోజులు ఆలోచిస్తారు. మెసేజ్ ఒక్కటే సరిపోలేదు లెండి. అతని కొత్త గూడు వేరే చానళ్లతో పనిచేసే ఆల్ హేమన్ అనే బాక్సింగ్ మేనేజర్ శిబిరం, డాజోన్‌కి పోటీ. వాళ్లూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు, మే 1న ప్రకటించారు. ఒకవేళ జాషువా ఓడితే వెంటనే రీమ్యాచ్ ఇవ్వాలన్న షరతు కూడా అందులోనే ఉంది. ఇలాంటి ఛాన్స్‌కి కట్టాల్సిన అసలు ధర అది, చెక్కు మీద కనపడదు.

ఇంకోటి, రూయిజ్‌ని చూస్తే ఎవరికీ భయం వేయదు. ఆరడుగుల రెండంగుళాలు, 268 పౌండ్లు, అంటే 121 కిలోల పైమాట, పొట్ట వేలాడుతూ ఉంటుంది, స్నికర్స్ చాక్లెట్లంటే ప్రాణం. జాషువా ఆరడుగుల ఆరంగుళాల శిల్పం, 22 ఫైట్లలో 21 నాకౌట్లు. రూయిజ్ చొక్కా విప్పగానే మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి "ఈయనేంటి, మీ బావలా ఉన్నాడు" అంది. ఛాంపియన్ల శిబిరాలు ఏరుకునేది కూడా ఇలాంటివాళ్లనే, ప్రమాదం లేనట్టు కనిపించాలి. 1975లో మహమ్మద్ అలీ ఎదుట చక్ వెప్నర్‌ని నిలబెట్టిందీ అందుకే. మద్యం సేల్స్‌మన్‌గా పనిచేసే మనిషి, లక్ష డాలర్లిచ్చారు, పదిహేనో రౌండ్లో ఇంకో 19 సెకన్లు ఉందనగా పడ్డాడు.

సరే, ఫైట్. సాయంత్రం నుంచే టీవీ ముందు కూర్చున్నాం. అండర్ కార్డ్‌లో, అంటే అసలు ఫైట్‌కి ముందు వేసే ఫైట్లలో, కేటీ టేలర్, డెల్ఫిన్ పెర్సూన్ ఫైట్ ఒక్కటే ఇరవై డాలర్లకి సరిపోయింది నన్నడిగితే. అసలు ఫైట్ మూడో రౌండ్లో జాషువా ఎడమ హుక్‌కి రూయిజ్ పడ్డాడు, కెరీర్లో మొదటిసారి. బావ నిట్టూర్చి బిర్యానీ వడ్డించుకోవడానికి లేచాడు. అప్పుడు చూడాలి. లేచిన రూయిజ్ వెనక్కి తగ్గలేదు, జాషువా ముగించేద్దామని మీదికొస్తుంటే వాడి పంచ్‌ల మధ్యలోంచి పొట్టి చేతులతో టకటకా కొట్టాడు. ఎడమ హుక్ ఒకటి కణత పక్కన తగిలింది, శిల్పం కూలింది. ఆ రౌండ్లోనే రెండుసార్లు. బావ చేతిలో గరిటె అలాగే ఉంది.

ఏడో రౌండ్ మొదలయ్యాక గార్డెన్‌లో కూర్చుని చూస్తున్న మా ఫ్రెండ్ నుంచి వాట్సాప్: "అయిపోయింది రా". మా టీవీలో ఇంకా జాషువా నిలబడే ఉన్నాడు! స్ట్రీమింగ్ అన్నాక ఏ యాప్‌లోనైనా కాస్త వెనక నడుస్తుంది, దానికి డాజోన్‌ని అనడానికి లేదు, ఫ్రెండ్‌నే అనాలి. బావకి చెప్పకుండా ఫోన్ బోర్లా పెట్టేశాను. అరనిమిషం తర్వాత, మళ్లీ రెండుసార్లు పడి లేచిన జాషువా మూలన తాళ్ల మీద చేతులు చాచి ఆనుకుని నిలబడ్డాడు, రిఫరీ ముందుకు రమ్మంటే రాలేదు, ఆపేశారు. మెక్సికన్ మూలాలున్న మొదటి హెవీవెయిట్ ఛాంపియన్ రింగ్‌లో గెంతుతున్నాడు, ఆ పొట్టతో. బావ నావైపు తిరిగి "నువ్వు అరవలేదేంట్రా?" అన్నాడు. ఇప్పటికీ నిజం చెప్పలేదు.

యాప్ సంగతికొస్తే, బొమ్మ బాగుంది, టీవీలో లాగిన్ సులువు, మధ్యలో రెండుసార్లు ఆగింది గానీ అది మా రూటర్ పుణ్యం, పక్క గదిలో పిల్లలు కార్టూన్లు పెట్టారు. ఏ ఫైట్ ఏ యాప్‌లో వస్తుందో వెతుక్కోవడం మాత్రం విసుగు, ఒక బాక్సర్ ఇక్కడ, వాడి ప్రత్యర్థి ఇంకోచోట. పదికి ఎనిమిది ఇస్తా. ఇప్పుడు కొనేవాళ్లు ముందు మీ దేశంలో ధర ఎంతో, మీక్కావాల్సిన ఫైట్ చందాలో ఉందో విడిగా అమ్ముతున్నారో చూసుకోండి.

నేను నెల కాగానే క్యాన్సిల్ చేశాను. ఆ షరతు ప్రకారం డిసెంబర్ 7న సౌదీలోని దిరియాలో రీమ్యాచ్ పెట్టారు, మళ్లీ డాజోన్, మళ్లీ 19.99. మాకది శనివారం మధ్యాహ్నం. రూయిజ్ ఈసారి 283 పౌండ్లతో వచ్చాడు, గెలిచాక పార్టీల్లో పడిపోయానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. జాషువా బరువు తగ్గి, దూరం దూరంగా తిరుగుతూ పన్నెండు రౌండ్లూ పాయింట్లు ఏరుకున్నాడు. ఎనిమిదో రౌండ్‌కి బావ సోఫాలో గురక. నిద్ర లేపి రిజల్ట్ చెప్తే, ముందు అడిగింది "మళ్లీ నెలదే కొన్నావా?" అని.